రేకు గ్లాసులో ఎర్రగీత

"అరవై మూడున్నర," అన్నాడు తివియెర్జ్.

చక్కెరశాల ఉలిక్కిపడింది. పొయ్యి మండుతూనే ఉంది. పెనం మరుగుతూనే ఉంది. కప్పు మీది రెక్కతలుపుల్లోంచి ఆవిరి అడవి మీదికి పోతూనే ఉంది. మనుషులే ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారారు. ముసలి రొసేర్ పళ్ళ మధ్య పైపు కిర్రుమంది. అతని కోడలు ఒడీల్ చేతిలోని నురగగరిటె పెనం మీదే నిలిచిపోయింది. రొసేర్ భార్య ఫెర్నాండ్ మాత్రం తొణకలేదు. ముప్ఫయ్యొక్క వసంతాలుగా ఆ పెనానికి యజమానురాలు ఆమె. గడ్డం కాస్త ఎత్తి, గొంతు పెంచకుండా పలికింది.

"నీ అద్దం తుడువు."

తివియెర్జ్ ఊరూరా తిరిగి పాకం పరీక్షించి, తరగతి నిర్ణయించి, పీపాల మీద ముద్ర వేసే మనిషి. జేబులోంచి గుడ్డ తీసి, చిన్న చూపుగొట్టం కొసనున్న అద్దాన్ని రెండుసార్లు తుడిచాడు. నాలుగో పీపాలోంచి ఇంకో చుక్క తీసి వేశాడు. తలుపు వెలుగు వైపు తిరిగి కన్ను ఆనించాడు.

"తుడిచానమ్మగారూ. అరవై మూడున్నరే."

"ఐదోది చూడు."

"అరవై మూడు."

"మొదటిది?"

"అది అరవై నాలుగు. ఏడు పీపాలూ చూశానండీ. ఏడూ పలచనే." అతని గొంతులో తప్పు తనదే అన్నంత బెదురు. "మీ శాలలో ఈ అంకె చూస్తానని కలలో కూడా అనుకోలేదు."

నూటికి అరవై ఆరు పాళ్ళు చక్కెర. మేపుల్ పాకానికి అదే ధర్మం. అంతకు తగ్గితే వేసవికల్లా పీపాలోనే పులుస్తుంది. అంతకు మించితే అడుగున చక్కెర గడ్డకడుతుంది. నలభై బకెట్ల చెట్టునీరు మరిగి మరిగి ఒక్క బకెట్ పాకమయ్యే ఆ పనిలో చివరి నాలుగు నిమిషాలే ప్రాణం. ఆ నాలుగు నిమిషాలను ఫెర్నాండ్ ముప్ఫయ్యొక్కేళ్ళు గుప్పిట్లో పెట్టుకుంది. షోదియేర్ నది ఒడ్డున ఏ చక్కెరశాలలో తగాదా వచ్చినా, ఫెర్నాండ్ అరవై ఆరంటే పాదిరీ ఆమెన్ అన్నట్టే.

"ముద్ర వెయ్యలేనమ్మా," అన్నాడు తివియెర్జ్, టోపీ రెండు చేతులా తిప్పుతూ. "శుక్రవారం మళ్ళీ వస్తాను. ఈలోగా కుదిరిస్తే సరే. లేదంటే ఈ ఏటి పాకమంతా వెనక్కే. నా చేతిలో ఏమీ లేదు."

అతను వెళ్ళాక తలుపు మూసుకుంది. ఫెర్నాండ్ పెనం వైపు చూడలేదు, పీపాల వైపు చూడలేదు. కోడలి వైపు తిరిగింది.

"పెనం కొళాయి తిప్పేదెవరు?"

ఒడీల్ నురగగరిటె పక్కన పెట్టింది.

"నిన్నేనమ్మా అడిగేది. నిరుడు కొళాయి దగ్గర ఎవరున్నారు? మీ మామయ్య. నిరుడు పాకం ఎంత? అరవై ఆరు. ఈ ఏడు ఎవరున్నారు?"

"నేనే అత్తయ్యా."

"ఈ ఏడు ఎంత?"

"మీరు 'తియ్యి' అన్నాకే తిప్పానత్తయ్యా. ప్రతిసారీ."

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా, లేకపోతే నా కొలత గాజు అబద్ధం చెప్తోందా?"

రొసేర్ పైపు చేతిలోకి తీసుకుని మధ్యలోకి వచ్చాడు. "పోనీవే ఫెర్నాండ్. ఒకసారి ఆ గాజు నేనూ..."

"ఒక పొయ్యికి ఒకటే కన్ను!" అంది ఫెర్నాండ్. అంతే, రొసేర్ పైపు మళ్ళీ నోట్లోకి పోయింది.

అది ఆమె తండ్రి పెట్టిన కట్టడి. వసంతం మొదలయ్యాక పాకం కొలిచే గాజు ఒక్కరే చదవాలి. ఇద్దరు చదివితే రెండంకెలు, రెండంకెలైతే మాడిన పెనం. ఫెర్నాండ్ గాజు చదువుతూంటే మిగతావాళ్ళు తల పక్కకి తిప్పుకునేవాళ్ళు, పాదిరీ ముందు ఎవరో పాపాలు ఒప్పుకుంటూంటే దూరం జరిగినట్టు.

"రేపట్నించి నువ్వు పెనం ఛాయలకి రావద్దు," అంది ఫెర్నాండ్. "బకెట్లు మొయ్యి. కొళాయి మీ మామయ్య చూసుకుంటాడు."

అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ అంటారు. ఇక్కడ పగిలింది కుండ కాదు, ముప్ఫయ్యొక్కేళ్ళ మాట. అందుకే ఒడీల్‌కి ఎదురు చెప్పాలనిపించలేదు. నిజంగా తనే తొందరపడిందా? ఎన్నిసార్లు? ఏడు పీపాల పాకమంటే ఎన్నిసార్లు తొందరపడాలి? తన చేతిని తనే అపరిచితురాలిలా చూసుకుంది. ఐదు వసంతాలు ఆ కొళాయి కోసం కాచుకున్న చెయ్యి అది. మొదటి ఏడాది బకెట్లు తోమింది. రెండో ఏడాది కట్టెలు మోసింది. మూడో ఏడాదీ నాలుగో ఏడాదీ పొయ్యి ఎగదోసింది. ఐదో ఏడాది నురగ తీసింది. ఈ ఏడే, ఈ మార్చిలోనే, ఇత్తడి కొళాయి ఆమె వేళ్ళ కిందికి వచ్చింది. చెట్టు తాగిన మంచు, పొయ్యి తాగిన కట్టె, అన్నీ కలిసి బంగారు తీగలా జారే ఆ క్షణం కోసమే ఆమె బతికినట్టుండేది. భర్త ఆల్సిడ్ కలప శిబిరం నుంచి ఉత్తరం రాస్తే "కొళాయి నాకిచ్చారు" అని ఒక్క వాక్యమే జవాబు రాసింది. ఇప్పుడు దాని కింద ఏం రాయాలి?

మర్నాడు పొద్దున్నే రొసేర్ ట్రాక్టరు తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"మీ అత్తయ్య కోపం మార్చి మంచు లాంటిదమ్మాయ్. మధ్యాహ్నానికి కరుగుతుంది."

"సాయంత్రానికి మళ్ళీ గడ్డకడుతుంది కదా మామయ్యా."

"అదీ నిజమే," అని నవ్వబోయి, నవ్వలేక, లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండ బాగా కాసింది. చెట్లు ఆగకుండా కారాయి. మోకాలి లోతు మంచులో ఒడీల్ చెట్టు చెట్టుకీ తిరిగి, బకెట్ బకెట్ వంచి, ట్రాక్టరు మీది పీపా నింపుకుని శాల దగ్గరికి వచ్చేసరికి మూడు గంటలైంది. చెట్టునీరు పోసే తొట్టి శాల గోడకి బయట ఎత్తుగా ఉంటుంది. మూడు మెట్లెక్కి పొయ్యాలి. మూడో మెట్టు మీద నిలబడితే మొహం సరిగ్గా కిటికీకి ఎదురవుతుంది.

ఆమె బకెట్ వంచుతూండగా కిటికీ అవతలికి ఫెర్నాండ్ వచ్చింది.

చేతిలో పొడవాటి రేకు గ్లాసు, అంచు దాకా వేడి పాకం. అందులో హైడ్రోమీటరు, వాళ్ళ మాటలో ఒట్టి 'గాజు', నిలువునా తేలుతోంది. దాని కాడ మీద రెండు ఎర్రగీతలు. పై గీత మరిగే పాకానికి, కింది గీత చల్లారిన పాకానికి. పెనంలోంచి తీసిన వెంటనే పై గీత అంచుకి సరిగ్గా వస్తే పాకం కుదిరినట్టు. చల్లారేకొద్దీ పాకం చిక్కనై గాజును పైకి తోస్తుంది, ఆ గీత అబద్ధమవుతుంది. అందుకే వేడి మీదే చదవాలి, పెనం పక్కనే చదవాలి, ఊపిరి పీల్చి వదిలేలోగా చదవాలి. ఈ పాఠం ఒడీల్‌కి చెప్పింది ఫెర్నాండే.

మరి ఫెర్నాండ్ కిటికీ దగ్గరికి ఎందుకొచ్చింది?

ఒడీల్ తల తిప్పుకోవాలి, కట్టడి అది. తిప్పుకోలేదు. పట్టుబడిన దొంగలా బలవంతంగా నవ్వింది. చెయ్యెత్తింది.

ఫెర్నాండ్ పలకలేదు.

వాళ్ళిద్దరి మొహాల మధ్య జానెడు దూరం, ఒక్క అద్దం పలక. ఫెర్నాండ్ కళ్ళు సూటిగా ఒడీల్ కళ్ళలోకే చూస్తున్నాయి. ఆ చూపులో కోపం లేదు, చిరాకు లేదు, గుర్తింపు లేదు. ఒడీల్ టోపీ తీసింది. ఎర్రటి జుట్టు ఎండలో భగ్గుమంది. అత్తయ్య కనురెప్ప కూడా కదల్లేదు. మంచుని చూసినట్టు, గోడను చూసినట్టు, ఎవరూ లేని చోటును చూసినట్టు చూసింది.

చేతిలో బకెట్ జారి మెట్ల మీద దొర్లింది. ఆ చప్పుడుకి ఫెర్నాండ్ ఉలిక్కిపడి, తల తప్పు వైపుకి తిప్పింది.

తర్వాత గ్లాసును ముక్కుకి తగిలేంత దగ్గరికి తెచ్చుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. గ్లాసు మీది పొగ సన్నబడింది, తెగింది, పోయింది. మంచుగాలి సందుల్లోంచి కొట్టే ఆ కిటికీ దగ్గర రేకు గ్లాసు ఎంతసేపు వేడిగా ఉంటుంది? ఒడీల్ కళ్ళ ముందే గాజు కాడ అంచు మీద మెల్లగా లేచింది. నూలుపోగంత. ఇంకో నూలుపోగంత. గోరంత. రేకు చాటునుంచి ఎర్రగీత బయటికొచ్చి అంచు మీద కూర్చుంది.

అప్పుడు ఫెర్నాండ్ మొహం విప్పారింది. ఎంత తృప్తి, ఎంత నమ్మకం! వెనక్కి తిరిగి, శాల మోగిపోయేలా కేకేసింది.

"తియ్యి!"

ఆ కేక ఒడీల్ చెవుల్లో పిడుగులా పడింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు, తలుపు ఎలా తోసిందో తెలియదు. మంచు బూట్లతో శాలలోకి దూసుకొచ్చి, రొసేర్ చేతి మీద చెయ్యి వేసి, కారుతున్న కొళాయిని కట్టేసింది.

రొసేర్ నోరు తెరిచాడు. పైపు కింద పడింది.

"ఎవరది?" అంది ఫెర్నాండ్. "కొళాయి ఎవరాపారు?"

ఐదడుగుల దూరం. పట్టపగలు. 'ఎవరది' అంటోంది.

"నేనత్తయ్యా. ఒడీల్‌ని."

"నిన్ను రావద్దన్నానా! పెనం మాడిపోతే ఎవరే దిక్కు? ఏమయ్యా, దాన్ని అవతలికి నెట్టవేం?"

"పాకం రాలేదత్తయ్యా."

"ఏమిటీ?"

"ఇంకా రాలేదు. లేతగా ఉంది." ఒడీల్ ముందుకొచ్చింది. అత్త చేతిలోని గ్లాసు అందుకుంది, చల్లారిన పాకాన్ని పెనంలో ఒంపింది, కొళాయి కింద పెట్టి మరిగే పాకంతో నింపింది, గాజు వదిలింది. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఇంకో చెయ్యి ఆ గాజును తాకడం అదే మొదలు. "చూడండి మామయ్యా. మీరే చూడండి. గీత ఎక్కడుంది?"

రొసేర్ తల పక్కకి తిప్పుకున్నాడు, అలవాటు చొప్పున. తర్వాత, పాపం చేస్తున్నవాడిలా, మెల్లగా ఇటు తిప్పాడు.

"మునిగే ఉంది," అన్నాడు. "సాంత్ ఆన్ తల్లీ! గోరంత లోతున మునిగే ఉంది, ఫెర్నాండ్."

"ఇప్పుడే చదివాను నేను! అంచు మీద ఉంది!"

"కిటికీ దగ్గర చదివారత్తయ్యా. చల్లారాక చదివారు."

"కిటికీ దగ్గరికెళ్ళి రావడం ఎంతసేపే? కన్ను మూసి తెరిచినంత!"

"నేను బయట మెట్టు మీదే ఉన్నాను. మీరు రెండు కళ్ళూ మార్చి మార్చి చూశారు. పొగ ఆరిపోయేదాకా నిలబడ్డారు. పరలోక ప్రార్థన పదిసార్లు చదవచ్చు."

ఫెర్నాండ్ కిటికీ వైపు తిరిగింది.

"నా మొహంలోకే చూశారు మీరు. నేను టోపీ తీశాను. నవ్వాను కూడా."

"అబద్ధం," అంది ఫెర్నాండ్, కాని ఆ మాటలో పస లేదు. "ఈ ఆవిరిలో ఎవరికి ఏం కనిపిస్తుంది? అందుకే కదా కిటికీ దగ్గరికి పోతున్నది! పచ్చికట్టెలు వేసి చంపుతున్నారు, కప్పు తలుపులు తెరవమని రోజూ మొత్తుకుంటున్నాను, వినేవాళ్ళేరీ? శాలంతా తెల్లగా..."

ఆమె ఆగింది.

"కట్టెలు ఎండినవే," అన్నాడు రొసేర్, పసిపిల్లకి చెప్పినట్టు. "తలుపులు పొద్దుట్నించీ బార్లా తెరిచే ఉన్నాయి. ఆవిరి నిట్టనిలువునా పోతోందే. ఇక్కడ తెలుపేమీ లేదు."

ఒడీల్ ఆ ముఖాన్ని చూసింది. భయపడితే ఫెర్నాండ్ ఎలా ఉంటుందో ఆరేళ్ళలో ఎన్నడూ చూడలేదు.

"లేదా?" అంది ఫెర్నాండ్.

"లేదు."

"మరి చర్చిలో? ఆదివారం... కొవ్వొత్తుల పొగ..."

"పొగెక్కడిదే?"

"వంటింట్లో కెటిల్ ఆవిరి అనుకున్నాను. దొడ్లో పొగమంచు అనుకున్నాను." ఆమె ఒక్కొక్క చోటే తడుముకుంటోంది, తాళంచెవి పోగొట్టుకున్న మనిషి జేబులు వెతుక్కున్నట్టు. "నవంబరు నించి పొగమంచు ఎక్కువగా ఉందే అనుకున్నాను. ఎవరూ దాని ఊసెత్తరేం అనుకున్నాను."

రొసేర్ కుర్చీ పట్టుకున్నాడు. నలభై ఏడేళ్ళు ఒకే మంచం, ఒకే బల్ల. నవంబరు నుంచీ ఆమె కాఫీలో తనే పంచదార వేసిస్తున్నాడు. గారాబమనుకుని వేశాడు.

పెనం గుప్పుమంది.

నురగ! మాటల్లో మరిచిపోయారు. లేత బంగారు నురగ లేచి, పొంగి, పొంగు అణచడానికి పెనం పైన వేలాడదీసిన పందికొవ్వు ముక్కను తాకి, చిటపటలాడి దిగింది. బుడగలు చిన్నవయ్యాయి. ఇక ఆ నాలుగు నిమిషాలు వచ్చేశాయి. దాటితే మాడు.

"గాజు!" అంది ఫెర్నాండ్, చెయ్యి చాపి. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏ చోట అందుకోవాలో దానికి తెలియదు. ఒక బుడగ పగిలినంత సేపు, రెండు బుడగలు పగిలినంత సేపు, ఆ చెయ్యి గాలిలో నిలిచింది. తర్వాత వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి దిగింది.

"చదువు," అంది.

"అత్తయ్యా, నేను..."

"ఒక పొయ్యికి ఒకటే కన్ను. నాది పోయింది. చదవవే!"

ఒడీల్ గ్లాసు పట్టింది, నింపింది, గాజు వదిలింది. గీత మునిగింది. ఒంపింది. మళ్ళీ పట్టింది. గీత కొస ఎర్రగా మెరిసి మళ్ళీ మునిగింది. "ఇంకా లేదు," అంది. వెనక ఫెర్నాండ్ ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. ఒంపింది. మళ్ళీ పట్టింది. ఈసారి గాజు ఒక్క ఊపు ఊగి, కుదురుకుని, ఎర్రగీతను అంచు మీద నిలబెట్టింది. వెంట్రుకవాసి అటు లేదు, వెంట్రుకవాసి ఇటు లేదు.

తియ్యండి అనాలి. ఒడీల్ నోరు తెరిచింది. పొయ్యి హోరులో ఆ మాట పెదవి దాటనేలేదు. రొసేర్ కొళాయి పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

ఫెర్నాండ్ విన్నది. కోడలి మెడ పక్కనే నిలబడి ఆ ఒక్క ఊపిరినీ విన్నది.

"తియ్యమంటోందయ్యా!" అని గర్జించింది. "చెవుడా నీకు? తియ్యి!"

ఏడు పీపాలూ విప్పి మళ్ళీ పెనంలో పోసి కాచడానికి మూడు పగళ్ళు పట్టింది. రెండోసారి నిప్పు తగిలిన పాకం నల్లబడుతుంది, దానికేం చెయ్యలేరు. ఒడీల్ చదివింది, ఫెర్నాండ్ కేకేసింది, రొసేర్ తీశాడు. భోజనాల బల్ల దగ్గర ఫెర్నాండ్ బటానీ సూపు చెంచాతో వెతుక్కుంటూ తింటూంటే రొసేర్ కిటికీలోకి చూసేవాడు.

శుక్రవారం తివియెర్జ్ వచ్చాడు. చుక్క తర్వాత చుక్క, పీపా తర్వాత పీపా, అద్దం తుడుస్తూ ఏడూ చూశాడు. "అరవై ఆరు. అరవై ఆరు. అరవై ఆరు..." ఏడోది అయ్యాక నిట్టూర్చాడు. "రంగు ముదిరింది, ఒక తరగతి కిందికి రాయాల్సిందే. కొలత మాత్రం కుదిరింది." ముద్ర తీస్తూ ఒడీల్ వైపు చూసి సానుభూతిగా నవ్వాడు. "మొదట్లో కొత్త చెయ్యి కదండీ. ఎవరికైనా జరుగుతుంది."

ఒడీల్ తల దించుకుంది. అవునని చెప్పడానికి మాట సిద్ధం చేసుకుంది. ఆ పెద్దావిడ పేరు ముందు తన పేరెంత?

"కొత్త చెయ్యి కాదు, పాత కన్ను," అంది ఫెర్నాండ్.

"అంటే...?"

"తప్పు చదివింది నేను. దిద్దింది నా కోడలు. అలాగే రాసుకో, ఊళ్ళో అడిగితే అలాగే చెప్పు. నాకు కనిపించట్లేదయ్యా. ఇప్పుడు నువ్వు నా ఎదురుగానే ఉన్నావు కదా, నీకు మీసం ఉందో లేదో చెప్పమంటే చెప్పలేను."

ఆ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో తివియెర్జ్ మీసం తెలియనివాళ్ళు లేరు. చెవుల దాకా పాకిన మీసం అది. అతని చెయ్యి దానంతటదే దాని మీదికి పోయింది, పోయి అక్కడే ఆగిపోయింది. ముద్ర వేయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"ఏమయ్యా, పలకవేం? ఉందా?" అంది ఫెర్నాండ్.

"ఉందత్తయ్యా," అంది ఒడీల్.